బాలమల్లుకు గొర్రె మెడ తిరిగి ఇప్పించుట గురించి

ఫసలీ 1351, షహరేవరు నెల 3వ తేది
మౌజే రాళ్ళవాగుపల్లె, రాజంపేట దగ్గర

మహారాజశ్రీ తాలూకా తహసీల్దారు సాహెబు గారి సముఖమునకు, మౌజే రాళ్ళవాగుపల్లె మాలీ పటేలు సిద్ధిరాములు చేసుకొను మనవి.

విషయం: గొర్రెకు తల ఎక్కడ ముగియును, మొండెము ఎక్కడ మొదలగును అను విషయమై రెండేండ్ల కింద నేను పెట్టిన అర్జీ అబద్ధమని నేనే ఒప్పుకొనుట, దానిపై వెలువడిన హుకుమును రద్దు చేయమని వేడుకొనుట, ఆ మెడలో ఉండు ఒక గ్రంథి మీద నా భార్య ప్రాణము ఆధారపడి ఉన్నదని తెలియజేసుకొనుట.

అయ్యా,

తమరు తాలూకాకు కొత్తగా వచ్చినారు. తమరికి తెలుగు చదువ వచ్చునని విని, ఉర్దూ వ్రాయువాని దగ్గరికి పోకుండ నా చేతితోనే వ్రాయుచున్నాను. ఇందులోని సంగతులు ఇంకొకరికి చెప్పి వ్రాయించుకొనదగినవి కావు. పేష్కారు సాహెబు గారికి దరఖాస్తులను కచేరి అంతా వినునట్టు చదువు అలవాటు కలదు. దీనిని మాత్రము తమరే కంటితో చదువుకోవలెనని మొదటనే చేతులు జోడించి అడుగుచున్నాను.

1. మా గ్రామములో ఆషాఢ మాసమున పోచమ్మ బోనాలకు ముప్పైకి పైగా గొర్రెలు తెగును. కోయువాడు చాకలి. కోసినందుకు తలకాయ అతని హక్కు. ఆ తలతోపాటు మెడ కూడా, భుజముల దాకా, అతనికే చెందుట మా తాతల నాటి నుండి వచ్చుచున్న మామూలు. దీనికి కాగితము లేదు. ఎవరూ అడగలేదు గనుక కాగితము అవసరము రాలేదు. ప్రస్తుతము ఈ హక్కుదారు చాకలి బాలమల్లు. వయస్సు యాభై దాటినది. ముప్పై ఏండ్లుగా ఒక్క వేటుకు తప్ప రెండవ వేటుకు కత్తి ఎత్తినవాడు కాడు. ఇతని మీద ఇంతవరకు ఫిర్యాదు ఏదియు లేదు, నేను పెట్టినది తప్ప.

2. ఫసలీ 1349లో నేను కచేరికి ఒక అర్జీ పెట్టితిని. అందులో, బాలమల్లు తల పేరు చెప్పి మెడ మాంసమును దొంగిలించుచున్నాడనియు, దీనివలన రైతులు మిక్కిలి ఇబ్బంది పడుచున్నారనియు, న్యాయమైన తల చెవుల కింద నాలుగు వేళ్ళతో ముగియుననియు వ్రాసితిని. కింద ఆరుగురు రైతుల వేలిముద్రలు ఉన్నవి. ఆ ఆరుగురికి అది కుంటకట్ట మరమ్మతు కాగితమని చెప్పితిని. అప్పటి దొరవారు పటేలు మాట నమ్మి హుకుము ఇచ్చినారు. అందులో వారి తప్పు లేదు. పటేలు మాట నమ్మకపోతే సర్కారు పని నడవదు. ఆ హుకుమును చావడి ముందర డప్పు కొట్టించి నేనే చదివితిని. చదువునప్పుడు నాలుగు వేళ్ళు నా చెవి కింద పెట్టి చూపించితిని కూడా.

3. బాలమల్లు కత్తి కడిగి ఇంటి చూరులో పెట్టినాడు. మరుసటి బోనాలకు బీబీపేట నుండి వేరే చాకలిని తెచ్చితిమి. అతడు ఒక్కొక్క గొర్రెకు రెండు మూడు వేట్లు వేసినాడు. ఆడవాళ్ళు చూడలేక ముఖాలు తిప్పుకున్నారు. ఆ తరువాత వారి కులపెద్దలు కూర్చొని ఒక కట్టుబాటు చేసికొన్నారు: సర్కారు కాగితము రద్దు కానంతవరకు మా ఊరిలో ఏ చాకలియు గొర్రె మీద కత్తి ఎత్తరాదు, ఎత్తినవానికి కులములో నిప్పు నీళ్ళు లేవు. బట్టలు మాత్రము ఉతుకుచున్నారు. నా బట్టలు కూడ ఉతుకుచున్నారు. వెనుకటి కన్న శుభ్రముగానే ఉన్నవి.

ఇంతటితో ఆపి దస్కతు చేద్దామని మొదట అనుకొంటిని. కాని అబద్ధము ఎందుకు వ్రాసితినో అది కూడ వ్రాయవలెనని బాలమల్లు షరతు. షరతు న్యాయమైనదే. కావున మిగతా అంశములు.

4. కారణము. నా భార్య పేరు బాలలక్ష్మి. ఎల్లారెడ్డి ఊరి ఆడపడుచు. మా పెండ్లి జరిగి పన్నెండు సంవత్సరములు. రెండు కాన్పులు నిలవలేదు. రెండవది పోయిన తరువాత ఆమె కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది. ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ మార్పు నాకు కనపడలేదు. కనపడినదల్లా పని ఆగిపోవడమే.

చాట పట్టుకుని చెరుగుతూ చెరుగుతూ కూర్చున్నచోటనే నిద్రపోయేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, లేకపోతే అసలు వేసేది కాదు. రోహిణి ఎండల్లో మేమంతా ఒంటి మీద గుడ్డ నిలవక విసనకర్రలు విసురుకుంటుంటే, ఆమె గొంగడి కప్పుకొని పొయ్యి దగ్గర ముడుచుకునేది. ముఖం ఉబ్బింది. ఒంటి తోలు గరుకుబారింది. కనుబొమ్మల చివరలు ఊడిపోయాయి. దువ్వెన పెడితే దువ్వెన నిండా వెంట్రుకలే. ఒక మాట అడిగితే, జవాబు వచ్చేలోగా నేను దొడ్డిదాకా పోయి రావచ్చు. పోయి వచ్చేవాడిని కూడా. వీటన్నిటికీ నేను ఒకటే పేరు పెట్టాను. ఒళ్ళు బలిసిందన్నాను. ఆ మాట నలుగురిలో అన్నాను, ఆమె వింటుండగా అన్నాను.

ఆమె గొంతు మగగొంతు అయిపోయింది. ఒకసారి గిర్దావరు సాహెబు మా అరుగు మీద కూర్చుని ఉండగా లోపలి నుంచి ఆమె ఏదో అడిగింది. "ఇంట్లో ఎవరో పెద్దమనిషి ఉన్నట్టున్నాడే" అన్నారాయన. నేను నవ్వి, మా మేనమామ అని చెప్పాను. ఆయన మేనమామకు సలాం చెప్పి వెళ్ళారు. ఆ రోజు నుంచి ఇంటికి ఎవరు వచ్చినా నోరు విప్పవద్దని ఆమెకు చెప్పాను. ఆమె విప్పలేదు. తరువాత ఎవరూ రానప్పుడు కూడా విప్పడం మానేసింది.

పొద్దున నిద్ర లేపడానికి ముఖాన చెంబెడు నీళ్ళు కొట్టేవాడిని. ఎన్నిసార్లు అని తమరు అడగరని ఆశపడుతున్నాను.

5. నేను అర్జీ పెట్టిన ఆ ఏడు బోనాలకు ఆమె కూడా బోనం ఎత్తుకుంది. పటేలు భార్య ఎత్తుకోకపోతే ఊరు ఏమనుకుంటుందోనని నేనే ఎత్తించాను. కుండ తల మీద పెట్టుకున్న మనిషి మెడ నిటారుగా నిలపక తప్పదు. కొంగు సర్దుకోవడానికి చేయి ఖాళీ ఉండదు. పోచమ్మ ముందర బాలమల్లు కత్తి పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇన్నేండ్లుగా మెడలు చూసినవాడు గనుక ఆమె మెడ వైపు చూపు పోయింది. నేను మా గొర్రెను పట్టుకొని పక్కనే ఉన్నాను. బాలమల్లుకు చెవి మందం. అందుకని అతనికి మెల్లగా మాట్లాడటం రాదు.

"పటేలా, అవ్వ గొంతు కింద చూసినవా?" అన్నాడు. "రెండు దిక్కుల ఉబ్బింది. గొల్ల ముత్తయ్య మందల ఒక గొర్రెకు గిట్లనే అయ్యింది. ఉన్ని రాలింది, ఎప్పుడు జూసినా పండుడే. దాని పిల్లలు గూడ నిలువలే. కోసి చూస్తే గొంతుల బిళ్ళ ఇంత లావైంది. అవ్వను ఎవలకన్న చూపియ్యి, నీ బాంచెను."

అతను చెప్పినదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. కాని అక్కడ ఉన్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో ఇంకో ఇద్దరు నవ్వారు. పటేలు పెండ్లాన్ని చాకలాయన గొర్రెతో పోల్చాడని ఆ పూటకే ఊరంతా పాకింది. నేను బావి దగ్గరికి పోతే నీళ్ళు చేదేవాళ్ళు మాట ఆపేసేవాళ్ళు. నా పరువు పోయిందని నాకు ఒళ్ళు మండింది. బాలలక్ష్మి కుండ దించి ఎక్కడ కూర్చుందో, ఆ మాట ఆమెకు వినపడిందో లేదో నేను అడగలేదు. వారం తిరగక ముందే పైన చెప్పిన అర్జీ వ్రాసితిని. మెడ మాట ఎత్తినవాడికి మెడ లేకుండా చేద్దామని నా ఆలోచన.

6. హుకుము వచ్చిన సంతోషములో ఇంకొక పని కూడ చేసితిని. బాలలక్ష్మిని బండి ఎక్కించి ఎల్లారెడ్డిలో వాళ్ళ తల్లి ఇంట దింపి వచ్చాను. పని చేతకాని మనిషి నాకు అక్కర లేదని వాకిట్లో నిలబడి చెప్పాను. ఆమె బండిలోనే నిద్రపోయి ఉంది. లేపి దింపవలసి వచ్చింది. తరువాత డోంగ్లి వైపు ఒక సంబంధం ఉందని ఎవరో అంటే చూడటానికి కూడా బయలుదేరాను. దారిలో వాగు పొంగి బండి సాగక వెనుకకు వచ్చాను. నన్ను ఆపినది వాగే, నా బుద్ధి కాదు.

ఆమెను రైలు మార్గమున ఉన్న మిషను దావఖానకు తీసుకుపోయినది మా బావమరిది. నేను దింపి వచ్చిన ఏడాదికి ఆ దావఖాన కంపౌండరు అబ్రాహాము నుండి నాకు ఒక ఉత్తరం వచ్చింది. మీ మనిషి ఇక్కడ ఉన్నది, డాక్టరమ్మ గారు మిమ్మల్ని చూడాలంటున్నారు, అని. నేను గట్టిగా నాలుగు మాటలు అడిగి వద్దామనే పోయాను. డాక్టరమ్మ దొరసాని. ఆమె బాలలక్ష్మి గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి, మింగమని చెప్పి, నా వైపు తిరిగి ఏదో అడిగింది. అబ్రాహాము తెలుగులో చెప్పాడు.

"ఈమె గొంతు మునుపు ఎట్లుండె అని అడుగుతున్నరు."

నాకు గుర్తు రాలేదు. పది పన్నెండేండ్ల కాపురంలో నా భార్య గొంతు మునుపు ఎట్లా ఉండేదో, మెడ ఎట్లా ఉండేదో నాకు గుర్తు రాలేదు. మందుల అలమర వైపు చూస్తూ నిలబడ్డాను. దొరసాని మళ్ళీ అడగలేదు.

అబ్రాహాము చెప్పినదానిని నాకు అర్థమైనంత వరకు తమరికి విన్నవించుకొనుచున్నాను. మనిషి దేహములో రసము ఊరు గ్రంథులు రెండు తెగలు. ఒక తెగకు కాలువలు ఉండును. నోటిలో ఉమ్మి, కంటిలో నీరు, ఒంటి మీద చెమట ఆ కాలువల గుండా వచ్చును. రెండవ తెగకు కాలువ లేదు. ఊరిన రసము నేరుగా నెత్తురులో కలిసిపోవును. మెదడు కింద ఒకటి, మూత్రపిండముల మీద రెండు, పొట్టలో చక్కెర సంగతి చూచునది ఒకటి, గొంతుకు ముందర ఒకటి, ఇట్లు కొన్ని కలవు. గొంతు దగ్గరిది రెండు తులములకు మించదు. ఇంతటి మనిషి ఆ రెండు తులముల మీద నడుచునట.

"మీ ఊళ్ళె నీరడి ఉంటడు గద పటేల్ సాబ్," అన్నాడు అబ్రాహాము. "చెరువు నిండ నీళ్లుండని, ఆయన తూము తియ్యకుంటె మడి ఎండుతది. గీ గ్రంథి పని గూడ గంతే. తిన్న తిండి ఒంట్లె ఎంత కరగాలె, గుండె ఎంత జోరుగ కొట్టుకోవాలె, అన్నీ దీని రసం మీదనే నడుస్తయి. ఈమెకు గా రసం ఊరుతలేదు. ఎట్లన్న ఊరియ్యాలని గ్రంథి ఉబ్బింది, అయినా దానితోని కాలే. నిద్ర, చలి, మతిమరుపు, గొంతు బొంగురుపోవుడు, కాన్పులు నిలువకపోవుడు, అన్నీ దీనితోనే."

"అయితే ఇది సోమరితనం కాదా?" అని అడిగాను. నాకు అది ఒక్కటే తెలుసుకోవాలనిపించింది.

"సోమరి అయితె, గింత జబ్బు పెట్టుకొని అన్నేండ్లు మీ ఇంట్ల వంట చేస్తుండెనా?" అన్నాడు.

దానికి మందు మాత్రలు. సీమ నుండి సీసాలలో వచ్చును. గొర్రె మెడలో కూడ అదే గ్రంథి ఉండునట. దానిని ఎండబెట్టి నూరి మాత్రలు కట్టుదురట. మనిషి గ్రంథి చేయవలసిన పనిని గొర్రె గ్రంథి చేయునట. గొర్రె అన్న మాట విన్నప్పుడు నా చెవులు కాలిపోయాయి. బాలమల్లు చదువు లేనివాడు. గుడి ముందర కత్తి పట్టుకొని నిలబడి అతను చెప్పినదే దొరసాని చెప్పింది.

ఆమెను ఇంటికి తెచ్చుకున్నాను. రోజుకు ఒక మాత్ర. ఆరు వారాలలో ముఖం వాపు దిగింది. గొంగడి మడతపెట్టి దండెం మీద వేసింది. ఒక పొద్దున నేను దొడ్డిలో ఎడ్లకు మేత వేస్తుంటే ఇంట్లోంచి ఎవరో ఆడమనిషి "అన్నం సల్లారుతున్నది, రావా" అని పిలిచింది. ఎవరు వచ్చారా అని లోపలికి పోయి చూశాను. బాలలక్ష్మి తప్ప ఎవరూ లేరు. అది ఆమె గొంతే. అంత మంచి గొంతని నాకు తెలియదు. ఏడు నెలలు ఆ గొంతు విన్నాను. బాలమల్లు దగ్గరికి పోయి తప్పయిందని చెప్పడానికి ఆ ఏడు నెలల్లో నాకు ఒక్క రోజు కూడా తీరిక దొరకలేదని వ్రాస్తే తమరు నవ్వుతారు. సిగ్గుతో పోలేదు. అంతే.

7. యుద్ధము వలన ఓడలు ఆగినవి. నాలుగు నెలల కింద, అర్దిబెహిస్తులో, సీసా అయిపోయినది, కొత్త సీసా రాలేదు. దావఖానలోనూ నిండుకొన్నవి. నెలన్నరలో గొంగడి మళ్ళీ దండెం దిగింది.

నేనే ఏదో చేద్దామని కామారెడ్డి సంతకు పోయి, కసాయిని గొర్రె గొంతులో ఉండే గడ్డలు ఇమ్మని అడిగాను. అతను దవడ కింద ఉండే మెత్తటి గడ్డలు ఆకులో కట్టి ఇచ్చాడు. ఎందుకని అడిగితే కుక్కకని చెప్పాను. నెల రోజులు వాటిని ఎండబెట్టి, నూరి, తేనెలో కలిపి ఆమెకు ఇచ్చాను. ఆమె మింగింది. గుణం కనపడకపోతే ఒకటి చుట్టుకొని దావఖానకు పోయాను. అబ్రాహాము దాన్ని విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"పటేల్ సాబ్, ఇవి కాలువ ఉన్న గ్రంథులు. ఉమ్మి ఊరేటివి. నెల దినాలు మీరు ఆమెకు ఉత్త ఉమ్మి గడ్డలు తినిపించిండ్రు."

పొలం గట్టు జానెడు జరిగితే కనిపెట్టి జరిపినవాడిని పట్టుకునే మనిషిని నేను.

ఆ తరువాత సరైనవే తెచ్చాను, రెండుసార్లు. కామారెడ్డిలో ఈ రోజుల్లో వారానికి ఒకటో రెండో తెగుతున్నాయి. అవి ఎండకు దావఖాన చేరేసరికి వాసన కొట్టాయి. డాక్టరమ్మ పారవేయించింది. ఇంట్లో నూరి ఇవ్వవద్దని, మోతాదు ఎక్కువైతే గుండె అదిరి ప్రాణం మీదికి వస్తుందని కోప్పడింది. అప్పుడు ఆమెయే ఒక దారి చెప్పింది. బోనాలనాడు అబ్రాహామును జాడీలతో సహా మా ఊరికి పంపుతుందట. తెగిన వెంటనే గ్రంథిని చిట్లకుండా తీసి ఇచ్చే మనిషి ఉంటే, ముప్పై గొర్రెలవి మళ్ళీ బోనాల దాకా సరిపోతాయట. దావఖానలోనే కొవ్వు తీసి, ఎండబెట్టి, తూచి మాత్రలు కడతారట. అట్లా కాకపోతే ఈ చలికాలం దాటడం కష్టమని చెప్పింది. ఈ జబ్బు ముదిరినవాళ్ళు చలిలో నిద్రపోయి లేవరట.

అట్లా తీయగల మనిషి నాకు తెలిసి ఒక్కడే. అతని గడప తొక్కలేక, మా పొట్టేలును గొడ్లకొట్టం వెనుకకు తీసుకుపోయి నేనే కత్తి పట్టాను. ఆ జీవి పడ్డ బాధ ఇక్కడ వ్రాయను. మోచేతుల దాకా తడిశాను. గ్రంథి ఎక్కడ పోయిందో కనపడలేదు. కడుక్కొని, చాలాసేపు గోడకు ఆనుకొని కూర్చుని, మరునాడు బాలమల్లు ఇంటికి పోయాను.

పటేలు చాకలి వాకిట్లోకి పోవుట మా ఊరిలో ఎరుగరు. అతను బట్టలు ఉడకబెడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తప్పయింది అని మెల్లగా అన్నాను. వినపడలేదన్నట్టు చెవి దగ్గర చేయి పెట్టాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ చేయి పెట్టాడు. మూడోసారి అరిచి చెప్పవలసి వచ్చింది. రెండు వాడల వాళ్ళు బయటికి వచ్చి చూశారు. అతను నన్ను ఏడిపించడానికి చేయలేదు. నిజంగానే అతనికి వినపడదు.

అంతా విని అన్నాడు: "అవ్వ కొరకైతే ఇప్పుడే కత్తి తీస్త పటేలా. అవ్వ నాకేం అన్యాయం జెయ్యలే. కానీ కులం కట్టున్నది. నన్ను వెలేస్తరు, నా కొడుక్కు పిల్లనియ్యరు. నువ్వు నోటితోటి గుంజుకుంటె, నోటితోటి ఇస్తె సరిపోతుండె. కాయితంతోటి గుంజుకున్నవు. కాయితంతోటే ఇయ్యి. ఎందుకు గుంజుకున్నవో అది గూడ రాయి. మెడ దొంగ అని నా పేరు కచేరిల ఉన్నది. నేను సచ్చినంక గూడ గట్లనే ఉంటది గదా."

వ్రాస్తానని చెప్పి తిరిగాను. వెనుక నుంచి అడిగాడు: "అవ్వకు కాళ్ళు ఉబ్బినయా?"

ఉబ్బాయో లేదో నాకు తెలియదు. ఇంటికి పోయి చూశాను. ఉబ్బాయి.

8. కావున తమ సముఖమునకు చేసుకొను ప్రార్థన ఏమనగా:

నేను పెట్టిన 1349 ఫసలీ అర్జీ అబద్ధమని కచేరి మిసిలు కాగితములలో వ్రాయించి, దాని మీది హుకుమును రద్దు చేయవలెను. గొర్రె తలతోపాటు మెడ, భుజముల దాకా, చాకలి బాలమల్లుకును అతని వారసులకును చెందునని పేరు పెట్టి కాగితము దయచేయవలెను. దొంగ అను మాటను అతని పేరు పక్క నుండి కొట్టివేయవలెను. వేలిముద్రలు వేసిన ఆరుగురికి ఏమీ తెలియదు, వారిని పిలిపించవద్దు. అబద్ధపు కాగితము వ్రాసినందుకు నా పటేల్గిరి తీసివేయుట న్యాయమని తమరికి తోచినచో తీసివేయవచ్చును. కాని ముందు హుకుము, తరువాత శిక్ష. బోనాలకు ఇంకా పదిహేను దినములు కూడ లేవు. కాగితము ఒక్క దినము ఆలస్యమైనను గొర్రెలు వేరే విధముగా తెగును, లేదా తెగవు. వచ్చే చలికాలములో తమరు ఏ హుకుము ఇచ్చినను నాకు పనికిరాదు.

కొత్త హుకుమును పాతదాని వలెనే డప్పు కొట్టించి చాటించవలెను. అయితే హుకుము మాత్రమే చాటించి, కారణము చాటించకుండ ఆజ్ఞ చేయవలెనని ప్రార్థన. నా భార్య మెడయు, గొంతును, జబ్బును ఊరి నోట పడుట ఆమెకు అవమానము.

పటేలు హోదాకు తగిన మాట ఇందులో ఒక్కటియు లేదని తెలిసియే పంపుచున్నాను. అయినను తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు అని వ్రాసుకొనుటకు ముఖము చెల్లని
సిద్ధిరాములు
మాలీ పటేలు (తమరు ఉంచినన్ని దినములు)

మరియొక మనవి: దస్కతు చేసిన తరువాత దీనిని బాలలక్ష్మికి చదివి వినిపించాను. ఆమె సంగతులు ఇన్ని వ్రాసి ఆమెకు తెలియకుండా పంపడం మళ్ళీ పాత పనే అవుతుందనిపించింది. గోడకు ఆనుకొని, గొంగడి కప్పుకొని విన్నది. రెండు చోట్ల కునుకు పట్టింది. ఆగి, లేచిన తరువాత ఆ చోటి నుంచే చదివాను. నీళ్ళ చెంబు సంగతి వచ్చినప్పుడు కండ్లు మూసుకుంది. అది నిద్ర కాదు.

అయిపోయాక జవాబుకు ఎప్పటిలాగే ఆలస్యమైంది. నేను లేచి పోలేదు. కూర్చున్నాను.

"బాలమల్లు నన్ను గొర్రెతోటి పోల్చిండని నీకు కోపం రాలే," అన్నది, ఆ బొంగురు గొంతుతోనే, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ. "నువ్వు చూడంది ఆయన చూసిండని వచ్చింది. గది రాయలే నువ్వు."

వ్రాయలేదు. అది నాకు ఇప్పుడే తెలిసిందని చెప్పుకుంటే తమరికి ఇంకొక అబద్ధం వ్రాసినట్టవుతుంది.

డప్పు మాట అడిగాను. కారణం చాటించకుండా ఉంటే నీకు గౌరవంగా ఉంటుంది కదా అన్నాను.

"జబ్బు పడ్డందుకు నాకేం సిగ్గు?" అన్నది. "చాటియ్యి. ఊళ్ళె ఇంకెవలకన్న గొంతు ఉబ్బితె, ఆళ్ళ మొగోళ్ళు జరంత చూస్తరు."

కావున ఎనిమిదవ అంశములో కారణము చాటించవద్దని అడిగిన మాటలను తమరు లేనట్టుగా చూడవలెను. ఈ కింది దానిని చేర్చుకొనవలెను.

9. నా భార్య మెడను నేను చూడలేదు. చాకలి బాలమల్లు చూచినాడు. అతని హక్కును నేను గుంజుకొన్నది అందుకే. ఇది కూడ చాటింపులో చదివించవలెను.